సిర్ర కథ చెప్తది, పుల్ల ఊఁ కొడ్తది



ఈ పూట స్టూడియోకు వస్తూ సంచిలో రెండు పుల్లలు వేసుకొచ్చాను. డప్పు మాత్రం తేలేదు. తెస్తే దాన్ని కాచాలి, కాచాలంటే మంట కావాలి. గోడల నిండా మెత్తలు అతికించిన ఈ చల్లటి గదిలో గడ్డి మంట పెడతానంటే ఇక్కడివాళ్లు నన్ను గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. అందుకని ఇవాళ్టికి ఈ బల్లే నా డప్పు. వినండి. ఇది కుడి చెయ్యి. ఇది ఎడమ చెయ్యి. రెండు చప్పుళ్లూ ఒకటి కావు కదా? నా చేతిలో ఉన్న పుల్లలు కూడా జత కుదిరినవి కావు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మెడకో భుజానికో తగిలించుకొని, నడుస్తూ వాయించే వాద్యం మీద చేతులు ఎట్లా కుదురుకుంటాయి, ఏ దెబ్బ ఏ చేత్తో వెయ్యాలి అన్నది ఇవాళ నేను మాట్లాడదామనుకున్న విషయం. బ్యాండు వాళ్లు దీన్ని స్టికింగ్ అంటారు. మా దగ్గర దీనికి విడిగా పేరేం లేదు. బాగా వాయించేవాణ్ణి చూసి ‘చెయ్యి తిరిగినోడు’ అంటాం, అంతే. ఆ చెయ్యి ఎటు తిరిగింది, ఎన్నాళ్లకు తిరిగింది, రెండు చేతులూ ఒకేలా తిరిగాయా అని మాత్రం ఎవరూ అడగరు.

మాది జనగామ పక్కన, లింగాల ఘనపురం వైపు ఒక చిన్న ఊరు. మాణిక్యాపురం అదే మండలంలో ఉంది. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఒగ్గుకథ పెద్దాయన, 2017లో మనల్ని విడిచిపోయిన చుక్క సత్తయ్య గారి ఊరు. అందుకని మా దిక్కు పిల్లలకు ఒగ్గుడోలు చప్పుడు పుట్టిన దగ్గర్నుంచే తెలుసు. ఒక చేత పుల్ల, ఇంకో వైపు ఉత్త అరచెయ్యి. నడుముకు గుడ్డ బిగించి, డోలు మెడకు వేసుకొని, గుండ్రంగా తిరుగుతూ ఎగురుతూ వాయిస్తుంటే మేం నోళ్లు తెరుచుకొని చూసేవాళ్లం. కథ నడిచేటప్పుడు ఒకాయన చెబుతాడు. పక్కాయన వంత పట్టి, నడుమ నడుమ ఊఁ కొడతాడు. ఆ ఊఁ ఒక్కటి తప్పితే కథ కుంటుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది.

మా ఇంట్లో ఉన్నది డోలు కాదు, డప్పు. మాది మాదిగవాడ. ఊళ్లో ఎవరు కన్ను మూసినా ముందు కబురొచ్చేది మా గడపకే. సావు డప్పు, పెండ్లి డప్పు, బోనాలకు డప్పు, చాటింపుకు డప్పు. పిలిస్తే పోవాలి, పెట్టింది తినాలి, ఇచ్చింది తీసుకోవాలి. అందుకే మా బాపు నన్ను డప్పు ముట్టనిచ్చేవాడు కాదు. పొరపాటున చేయి వేశానో, “కొడుకా, ఈ సిర్ర మా తాత చేతులకెల్లి నా చేతులకొచ్చింది. నీ చేతులకు రానియ్య. నువ్వు బలపం పట్టు, చాలు” అనేవాడు. డప్పును అందనంత ఎత్తున దూలానికి వేలాడదీసేవాడు. దాన్ని ఆయన కోపంగా వేలాడదీసేవాడో ప్రేమగా వేలాడదీసేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎనిమిదో తరగతిలో నన్ను బడి బ్యాండులోకి తీసుకున్నారు. సైడు డ్రమ్ము. జత పుల్లలు, ఒకే కొలత, ఒకే బరువు, మొనలు కూడా ఒకేలా చెక్కినవి. బ్యాండు సారు వారం రోజులపాటు డ్రమ్మే ఇవ్వలేదు. బెంచీ మీద రైటు, లెఫ్టు, రైటు, లెఫ్టు. ఆ వారం అయ్యాక ఆయన పెట్టిన పరీక్ష నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. మాకు వీపు చూపించి, కళ్లు మూసుకొని నిలబడేవాడు. మేం ఒక్కొక్కరం వాయించాలి. ఏ దెబ్బ ఏ చేతిదో ఆయన చెప్పగలిగాడంటే మేం తప్పినట్టు. చెప్పలేకపోతే పాసు. అంటే బ్యాండులో చదువు మొత్తం ఎడమ చెయ్యిని కుడి చెయ్యిగా చెయ్యడమే. పని చేసే చేతికీ ఊరికే వేలాడే చేతికీ తేడా మాపెయ్యడం. పదమూడేళ్ల పిల్లాడికి అది ఎంత కష్టమో, చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎడమ మణికట్టు రెండు నిమిషాల్లో బిగుసుకుపోయేది. పుల్ల దానంతట అది ఎగిరి రావాలి, నువ్వు లాగకూడదు అనేవాడు సారు. నాకేమో పుల్ల పడిందంటే పడినట్టే, మళ్లీ లేచేది కాదు.

ఇంటికొచ్చి అరుగు మీద పీట బోర్లేసి కసరత్తు చేసేవాణ్ణి. ఒకరోజు పొద్దుగూకే వేళ బాపు డప్పు అంచు సవరించుకుంటూ కూచున్నాడు. చింతగింజల జిగురు వాసన అరుగంతా పరుచుకొని ఉంది. చాలాసేపు విని, తల కూడా ఎత్తకుండా అడిగాడు:

“ఏందిరా పిలగా, ఇద్దరు ఒక్కటే మాట మాట్లాడుతున్నరు?”

“ఇద్దరెవరు బాపూ?”

“నీ చేతులురా. ఒకడు చెప్తుంటే ఒకడు వినాలె గద. సిర్ర కథ చెప్తది, పుల్ల ఊఁ కొడ్తది. ఇద్దరు చెప్పేటోళ్లే అయితే ఇనేదెవడు?”

అప్పుడు నాకు నవ్వొచ్చింది. బాపుకు బ్యాండు సంగతి తెలియదని అనుకున్నాను.

ఆ ఏడు ఆగస్టు 15కు ముందురోజు రాత్రి మా ఊళ్లో బోనాలు. తెల్లవార్లూ బాపు బృందం డప్పులు. నేను నిద్రపోలేదు. పొద్దున్నే కవాతు. మైదానం మధ్యకు వచ్చాక నా ఎడమ చెయ్యి నాకు తెలియకుండానే తేలికైపోయింది. కుడి చెయ్యి గట్టిగా, ఎడమ చెయ్యి గిలిగింత పెట్టినట్టు, చప్పుడు ఊగడం మొదలుపెట్టింది. కవాతులో ఎడమ పాదం డ్రమ్ము దెబ్బ మీదే పడాలి కదా. ముందు వరుసలోని అమ్మాయిలకు ఏ దెబ్బ మీద అడుగు వెయ్యాలో అర్థం కాలేదు. ఒకమ్మాయి మడమను వెనకమ్మాయి తొక్కింది. బూటు ఊడి మైదానం మధ్యలో ఉండిపోయింది. మర్నాడు సారు నా చేతిలోంచి డ్రమ్ము తీసుకొని జెండా ఇచ్చాడు. జెండాకు చేతుల మధ్య తగాదా ఉండదు.

ఇక డప్పు చెయ్యి గురించి చెబుతాను. చూడనివాళ్లు ఉంటారు, చూసినా చేతుల వైపు చూడనివాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉంటారు. డప్పు గుండ్రటి చెక్క చట్రం. అడ్డంగా కొలిస్తే సుమారు 18 అంగుళాలు, మా లెక్కలో రెండు జానలు. ఒక పక్కే తోలు. తాడు ఎడమ భుజానికి వేసుకుంటే చట్రం ఎడమ చంక కింద ఒరుగుతుంది. ఎడమ చెయ్యి చట్రం మీదుగా ముందుకు వంగి, పై అంచు దగ్గర సన్నటి వెదురు పుల్లను పట్టుకుంటుంది. అదే చిటికెన పుల్ల, మా వైపు నోటికి సిటికెన పుల్ల. కుడి చేతిలో ఉండే పొట్టి, లావు కర్ర సిర్ర. చిర్రగోనె ఆడినవాళ్లకు పొట్టి ముక్కను చిర్ర అనడం తెలిసే ఉంటుంది. ఆ చుట్టమే ఇదీ.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎడమ చెయ్యి ఏకకాలంలో రెండు పనులు చేస్తుంది. డప్పును పట్టుకుంటుంది, వాయిస్తుంది. పట్టుకున్న చేతికి మణికట్టు ఆడించే వీలుండదు. కాబట్టి పుల్ల కదిలేది వేళ్లతోనే. పుల్ల మొనతో కొట్టరు. పుల్ల పొడవునా తోలు మీద పరుచుకునేట్టు కొడతారు. చిట్ మంటుంది, ఎండిన కందికంప విరిగినట్టు. సిర్ర పని వేరు. మోచెయ్యి నుంచి వచ్చి, తోలు నడుమకు కొంచెం కిందగా పడుతుంది. నడుమన పడితే గుండెలో మోగుతుంది, అంచుకు జరిగితే గొంతు సన్నబడుతుంది. ఒక చేతిది మోచేతి పని, ఇంకో చేతిది వేలి పని. ఒకటి లావు, ఒకటి సన్నం. వీటిని సమానం చెయ్యడానికి ఎవరూ ప్రయత్నించరు. చేస్తే డప్పు మోగదు, కొట్టుకుంటుంది.

పాఠం నోటితో నడుస్తుంది. జజ్జనకరి జనారే అన్నది మీరంతా ఏదో ఒక పెండ్లిలో, ఏదో ఒక జాతరలో విన్నదే. మా బాపు లెక్కలో ఆ అక్షరాలు ఊరికే రాలేదు. జ, డ లాంటి బరువైన అక్షరం వచ్చిందంటే సిర్ర. న, క, ట లాంటి తేలికది వచ్చిందంటే పుల్ల. నోరు పలికితే చాలు, ఏ చెయ్యి లేవాలో అందులోనే ఉంటుంది. కాగితం మీద ‘కుడి’, ‘ఎడమ’ అని రాసుకోవాల్సిన పనే పడదు.

నాకు టీచరు ఉద్యోగం మహబూబాబాద్‌లో వచ్చింది. ఊరివాళ్లకు అది ఇప్పటికీ మానుకోటే. చుట్టూ తండాలు. నా తరగతిలో సగం మందికి పైగా లంబాడీ పిల్లలు ఉండేవాళ్లు. కొన్నాళ్లకు బ్యాండు కూడా నా నెత్తినే పడింది. చిన్నప్పుడు డ్రమ్ము లాక్కున్నవాళ్ల మీద ఇది నా గెలుపని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఆ రోజుల్లోనే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఆటపాట ఊరూరా తిరిగింది. డప్పు చావు ముందు నడిచే వస్తువుగా మిగలక వేదిక ఎక్కింది. అన్ని కులాల పిల్లలూ “సార్, మాకు డప్పు నేర్పండి” అని అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు ఏ పిల్లవాడైనా ఆ మాట అంటే ఇంట్లో తన్నులు తినేవాడు. ఇందులో పాటల గొప్ప ఎంతో, రాజకీయం గొప్ప ఎంతో నేను తూచలేను గానీ, మార్పును మాత్రం కళ్లారా చూశాను.

బాపును రమ్మని కబురు పెట్టాను. తువాల సర్దుకొని, డప్పు భుజాన వేసుకొని, బడి గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. నేను ఎదురుపోయి, “లోపలికి రా బాపూ” అన్నాను. “డప్పుతోనా?” అని అడిగాడు. అంతకుమించి ఆ రోజు గురించి చెప్పను.

మూడు రోజులు ఆయన పిల్లలకు సిర్ర ఇవ్వలేదు. నోటితో చెప్పించాడు, కాళ్లతో నడిపించాడు. నడక కుదరకుండా దెబ్బ కుదరదు అన్నది ఆయన పట్టుదల. బ్యాండు నడక వేరు, డప్పు నడక వేరు. బ్యాండులో నడుము కదలకూడదు, పై ఒళ్లు బొమ్మలా ఉండాలి. డప్పులో మోకాలు వంగాలి, డప్పు బరువు అడుగుతోపాటు ఊగాలి. ఆ ఊపులోంచే సిర్రకు సగం బలం వస్తుంది. చేతులు మాత్రమే ఆడించేవాడు పావుగంటలో అలిసిపోతాడు. ఊరేగింపు పావుగంటలో అయిపోదు కదా!

నాలుగో రోజు ఒక తండా పిల్ల ముందుకొచ్చి, “సార్, నాది పుర్రచెయ్యి” అంది. ఎడమచేతి వాటమని అర్థం. వాళ్ల నాన్న నంగారా వాయిస్తాడు. నంగారా కింద పెట్టి రెండు పుల్లలతో వాయించేది కాబట్టి, ఏ చెయ్యి ముందైనా ఇబ్బంది లేదు. డప్పుకు అట్లా కుదరదు. నేనైతే బ్యాండు పద్ధతిలోనే చెప్పాను. సిర్ర కుడి చేతికే అలవాటు చేసుకో, అందరూ ఒకేలా కనిపించాలి అని. బాపు నా వైపు ఒకసారి చూశాడు. ఆ పిల్ల భుజం మీది తాడు తీసి రెండో భుజానికి మార్చాడు. “చెయ్యి మారితే బుజం మారాలె, అంతే గద బిడ్డా” అన్నాడు. సిర్ర ఎడమ చేతికి, పుల్ల కుడి చేతికి వచ్చాయి. కానీ వరుసలో అందరి డప్పులూ ఒక వైపు చూస్తుంటే ఈ పిల్ల డప్పు ఇంకో వైపు చూస్తుంది. బాపు ఆ పిల్లను వరుస చివరకు పంపాడు. ఇటు కొసన ఒక డప్పు లోపలికి, అటు కొసన ఒక డప్పు లోపలికి. ఎడ్ల కొమ్ముల్లాగ వరుస రెండు వైపులా వంగి నిలబడింది. అప్పటిదాకా అది ఉత్త వరుస, ఆ రోజుతో దానికి ఒక ఆకారం వచ్చింది.

తర్వాత బదిలీ మీద భూపాలపల్లి పోయాను. కేటీకే బొగ్గు గనుల ఊరు. మూడు షిఫ్టుల ఊళ్లో డప్పు కసరత్తు పెట్టుకోవడమంటే ఎవడో ఒకడి నిద్ర చెడగొట్టడమే. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నాయన లుంగీ మీదనే వచ్చి మమ్మల్ని తరిమిన రోజులున్నాయి. తప్పు మాదే. జాతర జరిగే మేడారం 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలో కలిసేదాకా మా భూపాలపల్లి జిల్లాలోదే. ఆ జాతరకు పునుగొండ్ల నుంచి, అంటే నేను వదిలేసి వచ్చిన మహబూబాబాద్ జిల్లా నుంచి, దేవుడు పగిడిద్దరాజును కోయ పూజారులు అడవి దారిన నడిచి తీసుకొస్తారు. వాళ్లతో వచ్చే డోలి చప్పుడు వింటే నేర్చుకోవలసింది ఇంకా ఎంతుందో తెలిసొస్తుంది. కోయ డోలికి పద్మశ్రీ తెచ్చిన సకిని రామచంద్రయ్య గారు మణుగూరు దగ్గరి మనిషి. 2022లో ఆ వార్త పిల్లలకు చెప్పిన రోజు మా బడిలో సెలవివ్వలేదు గానీ పాఠమూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అక్క కూతురు కుటుంబం అమెరికాలో, టెక్సస్‌లో ఉంటుంది. వాళ్ల పిల్లవాడు పదకొండో తరగతి, బడి బ్యాండులో టెనార్ డ్రమ్ములు వాయిస్తాడు. మన కవాతుల్లో కనిపించే ఒంటి డ్రమ్ము కాదది. 1960ల తర్వాత అమెరికా బ్యాండుల్లో నాలుగైదు డ్రమ్ములను ఒకే చట్రానికి బిగించి ఒకే మనిషి భుజాలకు తగిలించే పద్ధతి పెరిగింది. పది పన్నెండు కిలోల బరువు ఒంటి మీద పెట్టుకొని, ఫుట్‌బాల్ మైదానంలో పక్కకూ వెనక్కూ నడుస్తూ వాయించాలి. అన్నిటికన్నా చిన్నది, 10 అంగుళాలది, మనిషికి ఎదురుగా కొంచెం కుడి వైపు. దాని పక్కన ఎడమ వైపు 12ది. ఆ చివర కుడి వైపు 13ది, ఎడమ చివర 14ది. కొందరు మధ్యలో ఆరంగుళాల గిన్నెంత డ్రమ్ము ఒకటో రెండో కలుపుతారు.

కిందటి చలికాలం సెలవులకు వాడు ఊరికొచ్చాడు. సంచిలో రబ్బరు బిళ్ల ఒకటి, గుండ్రటి నైలాన్ తలలున్న పుల్లల జత. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే ఆ బిళ్ల మీద టకటకలు మొదలు. నేను చాయ్ తాగుతూ వినేవాణ్ణి. కళ్లు మూసుకొని విన్నాను. ఏ దెబ్బ ఏ చేతిదో తెలియలేదు. మా బ్యాండు సారు ఉంటే వాణ్ణి కౌగిలించుకునేవాడు.

“ఏం వాయిస్తున్నవురా?” అంటే, “పారాడిడిల్, తాతా” అన్నాడు. కుడి ఎడమ కుడి కుడి. ఎడమ కుడి ఎడమ ఎడమ. నాలుగు దెబ్బల్లో చివరి రెండూ ఒకే చేతివి కావడంతో, తర్వాతి నాలుగూ రెండో చేత్తో మొదలవుతాయి. అంటే పెత్తనం ఒకసారి కుడిది, ఒకసారి ఎడమది. ‘పారా’ అన్నప్పుడు చేతులు మారతాయి, ‘డిడిల్’ అన్నప్పుడు ఒకే చెయ్యి రెండుసార్లు పడుతుంది. వాళ్లకూ నోటి పాఠం ఉందన్నమాట! నాకు భలే సంతోషమేసింది. అమెరికా డ్రమ్ము మాస్టర్లు 1933లో ఇలాంటి పాఠాలు 26 ఏరి పెట్టారట. 1984లో వాటికి మరికొన్ని చేర్చి 40 చేశారు. ఓనమాలన్నమాట. వాటిని వాడు ఫోనులో టక్ టక్ మనే యంత్రం పెట్టుకొని, చీమ నడకంత మెల్లగా మొదలుపెట్టి, కొంచెం కొంచెం వేగం పెంచుతాడు. ఈ పద్ధతి మన దగ్గర లేకపోవడం నాకు లోటుగానే అనిపించింది. మా బాపు ఎప్పుడూ మెల్లగా వాయించి చూపలేదు. “ఇను” అనేవాడు, పూర్తి వేగంలో వాయించేవాడు, అందుకున్నవాడు అందుకునేవాడు. అందుకోలేనివాడు మోతకు పనికొచ్చేవాడు. మనం దాన్ని సంప్రదాయమని మెచ్చుకుంటాం గానీ, నా కళ్ల ముందే ఎంతమంది పిల్లలు అట్లా రాలిపోయారో నాకు తెలుసు.

ఊళ్లో టెనార్ డ్రమ్ములు ఎక్కడ దొరుకుతాయి? నాలుగు ప్లాస్టిక్ బకెట్లు బోర్లించాం. రెండు పెయింటువి, ఒకటి నీళ్లది, ఒకటి పశువులకు కుడితి పెట్టేది. వాడు నాకు నేర్పాడు. డ్రమ్ము నడుమన కొట్టొద్దు తాతా, అంచుకు అంగుళం రెండంగుళాల లోపల కొట్టు, అక్కడే గొంతు బాగుంటుంది అన్నాడు. చేతులు పైకీ కిందికీ కాదు, పక్కలకు జరగాలి. ఎత్తులో మార్పు ఉండకూడదు, నీళ్ల మీద పల్లెం జరిపినట్టు పోవాలి. ఒకే చెయ్యి ఒక డ్రమ్ము మీద పడి, అదే ఊపులో పక్క డ్రమ్ము మీదికి జారితే దాన్ని స్వీప్ అంటారట. కుడి చెయ్యి ఎడమ చేతి మీదుగా దాటి అవతలి డ్రమ్మును కొడితే అది క్రాస్. ఈ రెండోదాంట్లో నేను మూడుసార్లు నా మణికట్టు మీద నేనే కొట్టుకున్నాను. నాలుగోసారి కుడితి బకెట్టు అంచు వేలి కణుపుకు తగిలి నెత్తురొచ్చింది. అరవై దాటాక చేతులకు దారులు కొత్తగా వెయ్యడం కుదరదని మా ఆవిడ పసుపు అద్దుతూ తీర్పు చెప్పింది.

తర్వాత వాడి వంతు. బాపు పోయి అప్పటికి కొన్నేళ్లు. ఆయన డప్పు, సిర్ర, పుల్ల నా దగ్గరే ఉన్నాయి. వాకిట్లో గడ్డి మంట వేసి డప్పు కాచాను. తోలు గాలిలోని చెమ్మ పీల్చి వదులవుతుంది. వేడి తగిలితే ఆ చెమ్మ పోయి బిగుస్తుంది. వేలితో మీటి చూస్తూ, మంటకు దగ్గరగా, దూరంగా తిప్పుతూ ఉండాలి. క్షణం ఏమరుపాటైతే తోలు పగులుతుంది. వాళ్ల డ్రమ్ములకు ప్లాస్టిక్ పొరలు, బిగించడానికి మరలు. మన దగ్గరా ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చాయి, మంట అక్కర్లేదు. వానలో ఊరేగింపుకు అవే నయం, కాదనను. కానీ డప్పు కాగుతున్నప్పుడు చుట్టూ కూచుని మాట్లాడుకునే ఆ కాసేపు వాటితో పోయింది.

వాడి భుజాన డప్పు వేసి సిర్ర, పుల్ల ఇచ్చాను. మొదలుపెట్టాడు. ఒక్క దెబ్బ తప్పులేదు, ఒక్క దెబ్బ ఎక్కువ లేదు, తక్కువ లేదు. పక్కింటి ముసలమ్మ గోడ మీదుగా తొంగిచూసి, “ఎవలింట్ల పెండ్లే, బ్యాండు మేళమొచ్చింది?” అంది. వాడికి ఆ మాట సగమే అర్థమైంది. నాకు పూర్తిగా అర్థమైంది. వాడి ఎడమ చెయ్యి కుడి చెయ్యిగా మారిపోయి ఎన్నేళ్లయిందో! చిటికెన పుల్లను కూడా సిర్రలాగే మణికట్టుతో ఎత్తి కొడుతున్నాడు. పుల్ల విరగలేదంటే అది వెదురు మంచితనం.

నాలుగు రోజులు ఏం చెప్పినా లాభం లేకపోయింది. వేళ్లతో అనేవాణ్ణి, వేళ్లతోనే కొట్టేవాడు, మళ్లీ సమానంగా కొట్టేవాడు. ఐదో రోజు రాత్రి సిర్ర తీసేసుకున్నాను. ఉత్త పుల్ల ఒక్కటే ఉంచి, “నేను కథ చెప్తా. నువ్వు నోటితో ఊఁ అనకు. పుల్లతో అను” అన్నాను. కథ వాడి ముత్తాతదే, మా బాపుది. ఒక వానాకాలం రాత్రి వాగు అవతలి ఊళ్లో సావుకు పిలుపొచ్చి, డప్పు నెత్తిన పెట్టుకొని మెడలోతు నీళ్లలో దాటడం, అవతలికి పోయేసరికి పోయాడనుకున్న మనిషి లేచి కూచుని అంబలి తాగుతూ ఉండడం. వాడికి తెలుగు అంతంత మాత్రం. మొదట్లో పుల్ల ఎక్కడ పడితే అక్కడ పడేది. మాట నడుమ పడేది, అవసరమైన చోట పడేది కాదు. వాగు, మెడలోతు అనే మాటలు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కథ రెండోసారి చెప్పాను. వాడికి ఇప్పుడు తెలుసు, ఏం జరగబోతోందో. మెడలోతు దగ్గర పుల్ల సన్నగా, వరుసగా వణికింది. అంబలి దగ్గర నేను ఆగాను. వాడూ ఆగాడు. ఒక్క క్షణం తర్వాత చిట్ మని ఒక్కటి పడింది.

ఆ క్షణాన సిర్ర తీసుకొని నేను మొదలుపెట్టాను. వాడు పుల్ల ఆపలేదు. ఒకే డప్పు, రెండు ఒళ్లు. తర్వాత సిర్ర మెల్లగా వాడి కుడి చేతిలోకి ఎప్పుడు మారిందో మా ఇద్దరికీ సరిగా గుర్తులేదు. పొద్దున ఇద్దరం వాదించుకున్నాం.

పోయేటప్పుడు బాపు సిర్ర వాడు తీసుకుపోయాడు. మా తాతల చేతుల్లో నునుపెక్కి నల్లబడిన ఆ కర్రను బాపు నా చేతికి రానియ్యలేదు గానీ, అది నా చేతి మీదుగానే వాడి చేతికి పోయింది. చిటికెన పుల్ల మాత్రం ఇయ్యలేదు. దానికి బదులు వాడి జతలో ఒకటి, నైలాన్ తలది, నా దగ్గర పెట్టి పోయాడు. రెండోది వాడి దగ్గర సిర్ర పక్కన ఉంది.

ఇప్పుడు ఈ బల్ల మీద నా కుడి చేతిలో ఉన్నది ఆ నైలాన్ తల పుల్ల. ఎడమ చేతిలో బాపుది. ఇంజనీరు గారు చెయ్యి ఊపుతున్నారు, ఒకటిన్నర నిమిషం ఉందట. మైకు కొంచెం కిందికి దించుతున్నాను. కథ ఏమిటో మీకు తెలుసు కాబట్టి ఈసారి మాటలు లేకుండా చెబుతాను. వాగు దగ్గర్నుంచి.